ఈ-సైకిల్ కొంటున్నారా? చక్రంలో ఉన్న మోటార్ ఏ రకమో ముందు చూడండి

మా వీధిలో ఒక చాచా ఉన్నారు. బేకరీ నుంచి ఉస్మానియా బిస్కెట్లు, రస్కులు తీసుకుని సైకిల్ మీద టీ హోటళ్లకు వేస్తుంటారు. వయసు అరవై దాటింది, మోకాళ్లు సహకరించడం లేదు. అందుకని కొడుకు పోయిన ఏడాది ఆయన సైకిల్‌కి ఎలక్ట్రిక్ కిట్ పెట్టించాడు. మోటార్, బ్యాటరీ, బిగింపు అన్నీ కలిపి పాతిక వేలు దాటింది. "పెద్ద మోటార్, గట్టిది, లోపల అరిగే పార్టే లేదు, జిందగీ అంతా వస్తది" అని షాపతను చెప్పాడు.

టోలీచౌకీ, మెహదీపట్నం వైపు చదునైన రోడ్ల మీద అది బాగానే నడిచింది. కానీ చాచా గిరాకీలో సగం మాసబ్ ట్యాంక్ దాటి బంజారాహిల్స్ పైన ఉంది. 30 కిలోల లోడుతో ఆ ఎత్తు ఎక్కేటప్పుడు మోటార్ మూలిగేది. ఎండాకాలం నడిమధ్యలో ఒకరోజు కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. ఆరోజు సైకిల్ తోసుకుంటూ ఇంటికొచ్చి చాచా అడిగిన మాట నాకింకా గుర్తే: "బేటా, మోటార్ ఖరాబా? నా తఖ్దీర్ ఖరాబా?"

రెండూ కావు చాచా, అని చెప్పాను. మోటార్ మంచిదే. ఆ పనికి తగింది కాదు, అంతే.

ఈ-సైకిల్ కొనేటప్పుడు అందరూ బ్యాటరీ ఎంత, ఎన్ని కిలోమీటర్లు వస్తుంది అని అడుగుతారు. చక్రం మధ్యలో ఉన్న ఆ గుండ్రటి డబ్బాలో ఏముందో ఎవరూ అడగరు. నిజానికి బయటికి ఒకేలా కనిపించే ఆ డబ్బాల్లో రెండు వేర్వేరు జాతుల మోటార్లు ఉంటాయి. ఒకటి డైరెక్ట్ డ్రైవ్, రెండోది గేర్డ్ హబ్. ఏది ఎవరికి పనికొస్తుందో ఈరోజు వివరంగా చూద్దాం.

చక్రంలో మోటార్ కొత్తదేమీ కాదు

చాలామంది ఇది ఈ పదేళ్లలో వచ్చిన టెక్నాలజీ అనుకుంటారు. కాదు. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన 1895 డిసెంబర్ 31న ఎలక్ట్రిక్ సైకిల్‌కి పేటెంట్ తీసుకున్నారు. ఆ సైకిల్ వెనుక చక్రం మధ్యలోనే మోటార్ పెట్టారు. గేర్లు లేవు. అంటే నేటి డైరెక్ట్ డ్రైవ్ మోటార్‌కి తాత అదే. 10 వోల్టుల బ్యాటరీతో 100 ఆంపియర్ల దాకా కరెంటు లాగేలా దాన్ని రూపొందించారు. ఆ కాలపు బరువైన బ్యాటరీలతో అలాంటివి జనంలోకి వెళ్లలేదు. లిథియం బ్యాటరీ, బలమైన అయస్కాంతాలు, చవకైన కంట్రోలర్లు వచ్చాకే ఆ పాత ఆలోచన వీధుల్లోకి వచ్చింది.

ఇప్పటి హబ్ మోటార్ పని చేసే తీరు సులువే. మామూలు ఫ్యాన్‌ని గుర్తు తెచ్చుకోండి. సీలింగ్ ఫ్యాన్‌లో మధ్యలో ఉన్న ఇరుసు కదలదు, దాని మీది రాగి తీగ చుట్టలు కదలవు, బయటి డబ్బా రెక్కలతో సహా తిరుగుతుంది. హబ్ మోటార్ కూడా అంతే. ఇరుసు సైకిల్ ఫ్రేమ్‌కి బిగించి ఉంటుంది, దాని మీద రాగి చుట్టలు ఉంటాయి, చుట్టూ అయస్కాంతాలు అతికించిన రింగు తిరుగుతుంది. ఏ చుట్టకి ఎప్పుడు కరెంటు ఇవ్వాలో కంట్రోలర్ నిర్ణయిస్తుంది. అయస్కాంతాలు ఏ స్థానంలో ఉన్నాయో కంట్రోలర్‌కి చెప్పడానికి లోపల మూడు చిన్న హాల్ సెన్సర్లు ఉంటాయి. అందుకే మోటార్ నుంచి మూడు లావు తీగలు, ఐదారు సన్న తీగలు బయటికి వస్తాయి.

ఇంతవరకూ రెండు రకాలకీ తేడా లేదు. తేడా ఆ అయస్కాంతాల రింగు చక్రాన్ని ఎలా తిప్పుతుంది అన్న దగ్గర మొదలవుతుంది.

డైరెక్ట్ డ్రైవ్: ఒక చుట్టుకి ఒక చుట్టు

ఇందులో అయస్కాంతాల రింగే చక్రం హబ్. స్పోకులు నేరుగా దానికే బిగిస్తారు. మోటార్ ఒక్కసారి తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. మధ్యలో గేరు లేదు, క్లచ్ లేదు. అరిగేవి రెండు బేరింగులు మాత్రమే. కాబట్టి "అరిగే పార్టే లేదు" అని షాపతను చెప్పింది అబద్ధమేమీ కాదు. చప్పుడు కూడా దాదాపు ఉండదు.

మరి ఇబ్బంది ఏమిటి? 26 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.07 మీటర్లు వెళ్తుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో కూడా ఆ చక్రం నిమిషానికి 200 చుట్లే తిరుగుతుంది. ఎలక్ట్రిక్ మోటార్‌కి ఇది చాలా నెమ్మది. అంత నెమ్మదిగా తిరుగుతూ బలంగా తొయ్యాలంటే మోటార్ పెద్దదిగా ఉండాలి, ఎక్కువ రాగి, ఎక్కువ ఇనుము, ఎక్కువ అయస్కాంతాలు ఉండాలి. అందుకే ఇవి వెడల్పుగా పళ్లెంలా, బరువుగా ఉంటాయి. సాధారణంగా 4 నుంచి 7 కిలోలు, ఇంకా పెద్దవి కూడా ఉన్నాయి.

ఇంకో సంగతి. బ్యాటరీ అయిపోయి తొక్కుకుంటూ వెళ్తున్నప్పుడు కూడా అయస్కాంతాలు ఇనుము పక్కనుంచి తిరుగుతూనే ఉంటాయి, చక్రాన్ని కొద్దిగా పట్టి లాగుతుంటాయి. మోటార్ సైజును బట్టి, వేగాన్ని బట్టి ఈ లాగుడు పది వాట్ల నుంచి పాతిక వాట్ల దాకా ఉండొచ్చు. మామూలు మనిషి అలసిపోకుండా తొక్కితే వచ్చేదే 75 నుంచి 100 వాట్లు. అందులో పాతిక మోటార్ తినేస్తే కాళ్లకి తెలుస్తుంది.

గేర్డ్ హబ్: లోపల చిన్న మోటార్, వేగంగా తిరుగుతుంది

దీన్ని విప్పితే లోపల చిన్న మోటార్, దాని పక్కన మూడు గేరు చక్రాలు కనిపిస్తాయి. మోటార్ మధ్యలోని చిన్న గేరు ఆ మూడింటినీ తిప్పుతుంది, అవి హబ్ లోపలి అంచున ఉన్న పళ్ల రింగుని తిప్పుతాయి. సామాన్యంగా మోటార్ నాలుగైదు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ఒక తమాషా ఏమిటంటే, ఎక్కువ డిజైన్లలో లోపలి మోటార్ వెనక్కి తిరుగుతుంది, చక్రం ముందుకు తిరుగుతుంది.

ఐదుకి ఒకటి గేరు ఉంటే, గంటకు 25 కిలోమీటర్ల దగ్గర లోపలి మోటార్ నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతుంది. మోటార్‌కి ఇది హాయైన వేగం. పైగా అది తోసే బలం గేరు వల్ల ఐదు రెట్లు అవుతుంది. కాబట్టి చిన్న మోటార్‌తోనే పని జరిగిపోతుంది. బరువు 2 నుంచి 4 కిలోల మధ్య ఉంటుంది. 250 వాట్ల తరగతిలో ప్రపంచమంతా అమ్ముడయ్యే హబ్ మోటార్లలో ఎక్కువ భాగం ఇవే. చైనాలోని సుజౌ నగరానికి చెందిన బఫాంగ్ లాంటి కంపెనీలు పేరు తెచ్చుకున్నది ఈ చిన్న గేర్డ్ మోటార్లతోనే.

ఇందులో ఒక వైపే పట్టే క్లచ్ ఉంటుంది. మామూలు సైకిల్ ఫ్రీవీల్ లాంటిదే. తొక్కడం మీ వంతు అయినప్పుడు, లేదా డౌనులో దిగుతున్నప్పుడు మోటార్ పక్కకి తప్పుకుంటుంది, చక్రం తేలిగ్గా తిరుగుతుంది. బ్యాటరీ అయిపోయినా ఇది మామూలు సైకిలే.

నష్టాలు కూడా చెప్పుకోవాలి. ఆ మూడు గేర్లు ఎక్కువగా నైలాన్‌తో చేస్తారు, చప్పుడు తగ్గడానికి. అవి అరుగుతాయి. లోడుతో ఆగి ఉన్న సైకిల్‌ని ఒక్కసారిగా ఫుల్ థ్రాటిల్ ఇచ్చి లాగితే పళ్లు విరగొచ్చు. అయితే గేర్ల సెట్టు విడిగా దొరుకుతుంది, మార్చుకోవచ్చు. రెండోది, నడుస్తున్నప్పుడు సన్నగా గుయ్‌మనే చప్పుడు ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం

చాచా సైకిల్‌నే తీసుకుందాం. మనిషి 70 కిలోలు, మోటార్, బ్యాటరీతో సైకిల్ 25 కిలోలు, సరుకు 30 కిలోలు. మొత్తం 125 కిలోలు.

చదును రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంలో వెళ్లాలంటే టైర్ల రాపిడికి, గాలి అడ్డుకి కలిపి సుమారు 130 వాట్లు కావాలి. చాచా కాళ్లతో 50 వాట్లు ఇస్తే మోటార్ 80 వాట్లు ఇస్తే చాలు. తిప్పే బలం, అంటే టార్క్, చక్రం దగ్గర 5 న్యూటన్ మీటర్ల కంటే తక్కువే. ఏ మోటార్ అయినా నవ్వుతూ చేసే పని ఇది.

ఇప్పుడు ఎత్తు. వంద మీటర్లు వెళ్తే 5 మీటర్లు పైకి లేచే రోడ్డు అనుకుందాం. వేగం గంటకు 12 కిలోమీటర్లకి పడిపోయింది. అయినా కావలసిన శక్తి సుమారు 260 వాట్లు. చాచా కష్టపడి 75 వాట్లు తొక్కినా మోటార్ 185 వాట్లు ఇవ్వాలి. చక్రం నిమిషానికి 97 చుట్లే తిరుగుతోంది కాబట్టి టార్క్ 18 న్యూటన్ మీటర్లు దాటుతుంది.

గమనించారా? శక్తి రెండు రెట్ల కంటే కొద్దిగానే పెరిగింది, కానీ టార్క్ దాదాపు నాలుగు రెట్లు అయింది. అసలు చిక్కు ఇక్కడే. మోటార్ టార్క్ దానిలో పారే కరెంటుని బట్టి ఉంటుంది. రాగి తీగలో పుట్టే వేడి మాత్రం కరెంటుతో సమానంగా పెరగదు. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు, కరెంటు నాలుగింతలైతే వేడి పదహారింతలు. చదును రోడ్డు మీద రాగిలో 10 వాట్ల వేడి పుట్టే మోటార్‌లో, అదే మోటార్ ఆ ఎత్తు ఎక్కేటప్పుడు 150 వాట్ల వేడి పుడుతుంది. చేతిలో పట్టుకునే చిన్న డబ్బాలో బట్టలకు పెట్టే చిన్న ఇస్త్రీ పెట్టె పెట్టినట్టు అన్నమాట.

గేర్డ్ మోటార్‌లో అదే ఎత్తులో లోపలి మోటార్ నిమిషానికి 485 చుట్లు తిరుగుతూ 4 న్యూటన్ మీటర్ల లోపు టార్క్ ఇస్తే చాలు, మిగతాది గేరు చూసుకుంటుంది. లోపలి మోటార్ చిన్నది కాబట్టి లాభం పూర్తిగా ఐదు రెట్లు రాదు. అయినా తక్కువ వేగంలో ఎత్తు ఎక్కే పనిలో, ఒక్కో కిలో బరువుకి గేర్డ్ హబ్ ఇచ్చే బలం ఎక్కువ.

పుట్టిన వేడి ఎక్కడికి పోతుంది?

ఇక్కడ మాత్రం గేర్డ్ హబ్ తక్కువ మార్కులు తెచ్చుకుంటుంది. రెండు రకాల్లోనూ రాగి చుట్టలు మధ్యలో ఉంటాయి, బయటి డబ్బాకి, వాటికి మధ్య గాలి ఉంటుంది. గాలి వేడిని సరిగా మొయ్యదు. కానీ గేర్డ్ హబ్‌లో చిన్న మోటార్ చుట్టూ ఇంకో డబ్బా ఉంటుంది, అంటే రెండు గోడల మధ్య బంధీ. పైగా ఇనుము, రాగి తక్కువ కాబట్టి త్వరగా వేడెక్కుతుంది.

డైరెక్ట్ డ్రైవ్‌లో ఐదారు కిలోల లోహం ఉంటుంది. అది నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. ఒక ఫ్లైఓవర్ ఎక్కి దిగేలోపు దానికి చెమట కూడా పట్టదు. కానీ లోడుతో కిలోమీటర్ల తరబడి ఎత్తు ఎక్కుతూ, ఆగుతూ, మళ్లీ ఎక్కుతూ ఉంటే లోపలికి చేరిన వేడి బయటికి పోయే దారి లేక పేరుకుపోతుంది. బయట ఎండ 42 డిగ్రీలుంటే మరీ. తీగల మీది వార్నిష్ కాలి, చుట్టలు ఒకదానికొకటి తగిలి షార్ట్ అవుతాయి. చాచా మోటార్‌కి జరిగింది ఇదే. విప్పి చూస్తే ఒక వైపు రాగి తీగలన్నీ నల్లగా మాడిపోయి ఉన్నాయి.

కాబట్టి ఏ రకమైనా ఒకటే సూత్రం: ఎత్తులో వేగం మరీ పడిపోనివ్వకండి. నడక వేగంలో ఫుల్ థ్రాటిల్ పట్టుకుని ఉండటం మోటార్‌ని కాల్చడమే. ఎత్తు మొదలవక ముందే తొక్కడం మొదలుపెట్టండి. మధ్యలో ఆగిపోయేలా ఉంటే థ్రాటిల్ వదిలి దిగి నడవండి. పైకి చేరాక చెయ్యి పెట్టి చూడండి. బయటి డబ్బానే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే లోపల అంతకంటే చాలా ఎక్కువ ఉందని అర్థం.

బ్రేకు వేస్తే బ్యాటరీ నిండుతుందా?

డైరెక్ట్ డ్రైవ్‌ని అమ్మేవాళ్లు గట్టిగా చెప్పే మాట ఇది. చక్రానికి మోటార్ ఎప్పుడూ అతుక్కునే ఉంటుంది కాబట్టి, బ్రేకు వేసినప్పుడు అది జనరేటర్‌లా మారి కరెంటుని బ్యాటరీలోకి పంపగలదు. తగిన కంట్రోలర్ ఉంటే నిజంగానే పంపుతుంది. మామూలు గేర్డ్ హబ్‌లో క్లచ్ ఉంది కాబట్టి ఇది కుదరదు.

కానీ ఎంత వస్తుంది? 100 కిలోల మొత్తం బరువుతో గంటకు 25 కిలోమీటర్ల వేగంలో వెళ్తున్న సైకిల్‌లో ఉన్న చలన శక్తి మొత్తం 0.67 వాట్ అవర్. ఆగినప్పుడు అందులో సగం వెనక్కి వచ్చిందనుకుంటే 0.33. బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ అయితే దానిలో పట్టేది 360 వాట్ అవర్. వంద సార్లు అంత వేగం నుంచి పూర్తిగా ఆగితే వచ్చేది 33, అంటే తొమ్మిది శాతం. సిటీ ట్రాఫిక్‌లో అంతకంటే తక్కువే వస్తుంది. పొడవైన డౌనులు ఉన్న చోట కొంచెం మెరుగు.

అసలు లాభం వేరే ఉంది. బ్రేకు రబ్బర్లు అరగడం చాలా తగ్గుతుంది, బరువుతో డౌను దిగేటప్పుడు వేగం అదుపులో ఉంటుంది. బ్యాటరీ నిండుతుందని మాత్రం కొనకండి.

వాట్ల అంకెని గుడ్డిగా నమ్మొద్దు

మోటార్ మీద 250 వాట్లు అని రాసి ఉంటే అది ఎప్పుడూ 250 వాట్లే తీసుకుంటుందని కాదు. వేడెక్కి పాడవకుండా నిలకడగా ఇవ్వగలిగేది అంత అని అర్థం. ఆ క్షణంలో నిజంగా ఎంత లాగుతుందో నిర్ణయించేది కంట్రోలర్. 36 వోల్టుల బ్యాటరీ, 15 ఆంపియర్ల కంట్రోలర్ అయితే ఎత్తులో బ్యాటరీ నుంచి 540 వాట్ల దాకా లాగుతుంది. ఒకే మోటార్‌ని ఒక షాపులో 250 అని, ఇంకో షాపులో 350 అని అమ్మినా ఆశ్చర్యం లేదు. అందుకే మూడు అంకెలు అడగండి: బ్యాటరీ వోల్టేజీ ఎంత, కంట్రోలర్ గరిష్ఠ కరెంటు ఎంత, మోటార్ బరువు ఎంత.

వేగం సంగతి. హబ్ మోటార్ తిరిగే వేగం వోల్టేజీని బట్టి ఉంటుంది. 36 వోల్టుల మోటార్‌కి 48 వోల్టులు ఇస్తే మూడో వంతు వేగం పెరుగుతుంది. తీగ చుట్ల సంఖ్య మార్చి కూడా కంపెనీలు వేగమైన మోటార్, నెమ్మది మోటార్ అని రెండు రకాలు చేస్తాయి. "ఎక్కువ చుట్లు ఉన్నది ఎక్కువ బలం" అని మెకానిక్‌లు అంటుంటారు. పూర్తి నిజం కాదు. అదే డబ్బాలో అంతే రాగి పట్టినప్పుడు, అంత టార్క్‌కి పుట్టే వేడి రెండింటిలోనూ దాదాపు ఒకటే. మారేది వేగం, దానికి కావలసిన కరెంటు. కాకపోతే వేగమైన మోటార్‌కి పెద్ద కంట్రోలర్ కావాలి. చిన్న కంట్రోలర్ పెడితే ఎత్తులో నీరసపడుతుంది.

చక్రం సైజు మాత్రం నిజంగా తేడా తెస్తుంది. అదే మోటార్‌ని 26 అంగుళాల బదులు 20 అంగుళాల చక్రంలో పెడితే గరిష్ఠ వేగం తగ్గుతుంది, తోసే బలం 30 శాతం పెరుగుతుంది. సరుకు మోసేవాళ్లకి చిన్న చక్రం మేలు అనేది అందుకే.

కంట్రోలర్లలోనూ రెండు రకాలున్నాయి. చవక రకం కరెంటుని మెట్లు మెట్లుగా ఇస్తుంది, మోటార్ బయలుదేరేటప్పుడు గర్ర్ మంటుంది. సైన్ వేవ్ రకం అలలా మెత్తగా ఇస్తుంది, చప్పుడు తక్కువ. డైరెక్ట్ డ్రైవ్ మోటార్‌తో ఈ తేడా బాగా తెలుస్తుంది.

పెడల్ దగ్గరి మోటార్ సంగతేంటి?

చక్రంలో కాకుండా పెడల్ ఇరుసు దగ్గర పెట్టే మిడ్ డ్రైవ్ మోటార్లు కూడా ఉన్నాయి. యమహా 1993లో జపాన్‌లో తొక్కుడుకి తోడ్పడే సైకిల్‌ని మార్కెట్లోకి తెచ్చినప్పుడు ఈ దారినే ఎంచుకుంది. ఇది సైకిల్ చైను ద్వారా, సైకిల్ గేర్ల ద్వారా తోస్తుంది. ఎత్తులో గేరు మార్చుకుంటే మోటార్ ఎప్పుడూ తనకి నచ్చిన వేగంలోనే తిరుగుతుంది. కొండలెక్కడానికి దీన్ని మించింది లేదు. కానీ ఖరీదు ఎక్కువ, చైను, స్ప్రాకెట్లు త్వరగా అరుగుతాయి, చైను తెగితే మోటార్ ఉన్నా బండి కదలదు. హబ్ మోటార్‌లో చైను తెగినా ఇంటికి చేరుకోవచ్చు. రోజువారీ పని సైకిల్‌కి హబ్ మోటార్ ఇంకా నిలబడి ఉన్నది ఈ తేలికతనం వల్లే.

బిగించేటప్పుడు ప్రాణాల మీదికి తెచ్చుకోకండి

మోటార్ చక్రాన్ని ముందుకి ఎంత బలంగా తిప్పుతుందో, ఇరుసుని అంతే బలంగా వెనక్కి తిప్పాలని చూస్తుంది. ఇరుసుకి రెండు పక్కలా చెక్కిన చదును భాగం ఫ్రేమ్ చీలికలో కూర్చుని దాన్ని ఆపుతుంది. నట్టు వదులైతే ఇరుసు గిర్రున తిరుగుతుంది, తీగలు మెలికపడి తెగుతాయి. ముందు చక్రంలో అయితే చక్రమే ఊడిపోవచ్చు. దీన్ని ఆపడానికి టార్క్ ఆర్మ్ అనే ఉక్కు పట్టీ ఉంటుంది. ఒక చివర ఇరుసుని పట్టుకుంటుంది, ఇంకో చివర ఫ్రేమ్‌కి బిగుస్తుంది. ఖర్చు కొద్దిగానే, పెట్టించుకోకుండా బయటికి రాకండి. అల్యూమినియం ఫోర్క్ ఉన్న సైకిల్ ముందు చక్రంలో మోటార్ పెట్టించకపోవడమే మంచిది. బ్రేకు ద్వారా చార్జింగ్ ఉన్న డైరెక్ట్ డ్రైవ్‌లో ఇరుసు మీద బలం ముందుకీ వెనక్కీ మారుతూ ఉంటుంది కాబట్టి నట్లు త్వరగా వదులవుతాయి, వారానికోసారి చూసుకోవాలి.

స్పోకులు కూడా చూడండి. డైరెక్ట్ డ్రైవ్ హబ్ పెద్దది కాబట్టి స్పోకులు పొట్టిగా, ఎక్కువ వంపుతో ఉంటాయి. లోడు, గుంతలు కలిస్తే ఇవే ముందు తెగుతాయి. పంక్చర్ పడితే వెనుక చక్రం విప్పడం కూడా పెద్ద పనే, మోటార్ కనెక్టర్ విప్పి, నట్ల కింది వాషర్లు ఏది ఎటు ఉందో గుర్తుపెట్టుకుని మళ్లీ బిగించాలి. చాలా పంక్చర్ షాపుల్లో దీన్ని ముట్టుకోరు. టైరు లోపల పట్టీ వేయించుకోవడం తెలివైన పని.

వాన నీళ్లు హబ్ మోటార్‌కి పెద్ద భయం కాదు, మునగడం భయం. తీగ ఇరుసులోంచి బయటికి వచ్చే చోట కిందికి ఒక వంపు ఉండేలా కట్టండి. నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి, తీగ వెంట లోపలికి పోవు. రోడ్డు మీద ఇరుసు ఎత్తు నీళ్లు నిలిచి ఉంటే దిగి వేరే దారి చూసుకోండి.

చట్టం ఏమంటుంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కొన్ని షరతులకు లోబడిన బ్యాటరీ సైకిల్ మోటారు వాహనం కిందికి రాదు. మోటార్ 30 నిమిషాలు నిలకడగా ఇచ్చే శక్తి 250 వాట్ల కంటే తక్కువ ఉండాలి. గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండాలి. బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించకూడదు. ఈ హద్దులో ఉంటే రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేదు.

మార్కెట్లో 500, 1000 వాట్ల కిట్లు కూడా దొరుకుతాయి. "అందరూ వేసుకుంటున్నారు, ఎవరూ అడగరు" అంటారు. నిజమే, మామూలు రోజున ఎవరూ అడగరు. కానీ యాక్సిడెంట్ జరిగి అవతలి మనిషికి దెబ్బ తగిలిన రోజు అడుగుతారు. అప్పుడు మీ సైకిల్ చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ లేని మోటారు బండి. పైగా గంటకు 40 కిలోమీటర్ల వేగానికి మామూలు సైకిల్ బ్రేకులు, ఫోర్క్ తయారు చేసినవి కావు.

మరి ఎవరికి ఏది?

రోజూ ఫ్లైఓవర్లు, ఎత్తులు ఉన్న దారి, మాటిమాటికీ ఆగి బయలుదేరే పని, మధ్య మధ్యలో తొక్కే అలవాటు ఉంటే గేర్డ్ హబ్ తీసుకోండి. రెండేళ్లకో మూడేళ్లకో గేర్లు మార్చాల్సి రావొచ్చని డబ్బు పక్కన పెట్టుకోండి. ఆ మోడల్‌కి గేర్ల సెట్టు దొరుకుతుందో లేదో కొనే ముందే అడగండి.

దారి అంతా చదును, నిలకడగా ఒకే వేగంలో వెళ్లేది, చప్పుడు వద్దు, మెయింటెనెన్స్ వద్దు అనుకుంటే డైరెక్ట్ డ్రైవ్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. బరువు గురించి, బ్యాటరీ అయిపోతే తొక్కడం గురించి మాత్రం ఆలోచించుకోండి.

షాపులో ఏ రకమో తెలుసుకోవడం సులువు. కరెంటు ఆపి ఉన్నప్పుడు చక్రం ఎత్తి ముందుకి తిప్పండి. తేలిగ్గా చాలాసేపు తిరిగి, వెనక్కి తిప్పితే మాత్రం గట్టిగా ఉంటే అది గేర్డ్ హబ్. రెండు వైపులా ఒకేలా కొద్దిగా పట్టి పట్టి తిరిగితే డైరెక్ట్ డ్రైవ్.

ఇంకో చిట్కా, ఇది మీ జేబు కాపాడుతుంది. డైరెక్ట్ డ్రైవ్ సైకిల్ చక్రం ఒకరోజు హఠాత్తుగా బిగుసుకుపోయినట్టు తిరిగితే వెంటనే మోటార్ పోయిందనుకోకండి. మోటార్ నుంచి వచ్చే మూడు లావు తీగల్ని కంట్రోలర్ నుంచి ఊడదీసి, ఒకదానికొకటి తగలకుండా పట్టుకుని మళ్లీ తిప్పండి. ఇప్పుడు తేలిగ్గా తిరిగితే చెడింది కంట్రోలర్, అది తక్కువలో పోతుంది. అప్పుడు కూడా బిగువుగానే ఉంటే మోటార్‌లో చుట్టలు షార్ట్ అయ్యాయి. గేర్డ్ హబ్‌లో ఈ పరీక్ష చక్రాన్ని వెనక్కి తిప్పి చెయ్యాలి.

చాచా సైకిల్‌కి ఈ పరీక్ష చేస్తే మోటారే పోయిందని తేలింది. బ్యాటరీ బాగానే ఉంది కాబట్టి మొత్తం డబ్బు పోలేదు. అదే బ్యాటరీకి సరిపడే గేర్డ్ హబ్, దానికి తగ్గ కంట్రోలర్ వేయించాం, టార్క్ ఆర్మ్‌తో సహా. ఇప్పుడు ఎత్తు రాకముందే తొక్కడం మొదలుపెడతారు, బయలుదేరేటప్పుడు థ్రాటిల్ ముట్టుకోరు. మొన్న కలిసినప్పుడు "గుయ్‌మంటది బేటా, కానీ పైకెక్కుతది" అన్నారు.

పాతిక వేలు మనలో చాలామందికి చిన్న మాట కాదు. కొనే ముందు మీ దారి ఎలాంటిదో, మీ లోడు ఎంతో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. షాపతను "పెద్దది, గట్టిది" అంటే, "నా దారికి పనికొస్తుందా" అని అడగండి.